నేల కింది లైన్లు వెతికే పనికి సొంత సాఫ్ట్‌వేర్: క్యూజీఐఎస్, క్యూఫీల్డ్‌తో అమర్చుకోవడం

రోడ్డు పక్కన మీటరున్నర కందకం తీయాలంటే నల్లగొండలో నాలుగైదు ఆఫీసుల మెట్లెక్కాలి. మిషన్ భగీరథ పైపు వివరం ఒకరి దగ్గర, దాని వెంబడి పరిచిన టీ-ఫైబర్ డక్టు వివరం మరొకరి దగ్గర, 11 కేవీ కేబుల్ సంగతి డిస్కం దగ్గర ఉంటాయి. పాత నల్లా లైను ఎటు తిరిగిందో వార్డు ఫిట్టర్‌కే తెలుసు. రైతు తన బోరు నుంచి రోడ్డు కింద దాటించుకున్న మోటరు వైరు, పీవీసీ పైపు ఎవరి కాగితంలోనూ కనపడవు. లొకేటర్ (లైనులోని సిగ్నల్ పట్టే మిషన్), జీపీఆర్ (నేలలోకి రేడియో తరంగం పంపి చూసే మిషన్) కొనుక్కుని ఈ లైన్లు వెతికిపెట్టే చిన్న సర్వే సంస్థలకు మిషన్లతో పెద్ద చిక్కు రాదు. ఏం దొరికింది, ఎలా దొరికింది, ఎక్కడ వెతికినా దొరకలేదు అన్న ముచ్చట వాట్సాప్ గ్రూపులో కొంత, డైరీలో కొంత, మానేసి వెళ్లిన కుర్రాడి ఫోన్‌లో కొంత ఉండిపోతుంది. చిక్కంతా అక్కడే.

ఈ పనికి విదేశీ సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. అమెరికాలో తవ్వేవాడు 811కు ఫోన్ చేస్తే టికెట్ పుడుతుంది, అది లైన్ల యజమానులకు చేరుతుంది. అక్కడి సాఫ్ట్‌వేర్లు ఆ టికెట్ చుట్టూ అల్లినవి. మనకు పని వచ్చే దారి వేరు కనుక వాటిలో సగం మీటలు ఇక్కడ ఊరికే పడుంటాయి. రెండు నుంచి ఐదు బృందాలున్న సంస్థకు ఆఫీసు కంప్యూటర్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్, ఫోన్లలో దాని జోడీ యాప్ క్యూఫీల్డ్ చాలు. రెండూ ఉచితం, రెండూ నెట్ లేకుండా నడుస్తాయి. అమర్చడానికి వారం పడుతుంది. అందులో నాలుగు రోజులు ఫారంలో ఏ ప్రశ్న ఉండాలన్న చర్చకే పోతాయి, పోవాలి కూడా.

ముందు లేయర్లు

మ్యాపు లేయర్లు, పట్టికలు ఒకేచోట దాచే జియోప్యాకేజ్ ఫైలు ఒకటి తెరిచి అందులో ఐదు పట్టికలు పెట్టండి: టికెట్, జవాబు, గాలింపు, బిందువు, లైను.

టికెట్ అంటే తవ్వబోయే జాగా. దాన్ని చుక్కగా కాక బహుభుజిగానే గీయండి. "హైదరాబాద్ రోడ్డు, పెట్రోల్ బంకు ఎదురుగా" అని చుక్క పెడితే బంకుకు ఇటు వంద మీటర్లా, అటు వంద మీటర్లా అన్న తగాదా తవ్వే రోజు మొదలవుతుంది. దీంట్లో టికెట్ నంబరు, తవ్వించేవారి పేరు, తవ్వే లోతు, తవ్వే తేదీ, తవ్వే పద్ధతి ఉండాలి. తవ్వే పద్ధతి తప్పనిసరి. కూలీలు గడ్డపారతో తవ్వడం, జేసీబీ, ట్రెంచర్, హెచ్‌డీడీ (కందకం తీయకుండా నేల కింద అడ్డంగా బోరు వేయడం) ఒకటి కాదు. హెచ్‌డీడీ అయితే బోరు దాటే ప్రతి లైనునూ చేత్తో గుంత తీసి కళ్లారా చూడాలి. అందుకే పద్ధతి గడిలో హెచ్‌డీడీ ఎంచుకుంటే, గుంత ఫోటో లేనిదే టికెట్ ముగియకుండా షరతు పెట్టండి.

జవాబు పట్టికకు మ్యాపు అక్కర్లేదు. ప్రతి టికెట్‌కు, ప్రతి లైన్ యజమానికి ఒక వరుస. ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏం చెప్పారు అన్నవే గడులు. చెప్పిన మాట గడిలో మూడే ఎంపికలు పెట్టండి: "లైను ఉంది, మ్యాపు ఇచ్చారు", "లైను లేదని రాసిచ్చారు", "జవాబు రాలేదు". మూడోదాన్ని రెండోదిగా చదవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ఫోన్‌లో "అక్కడ మనదేం లేదు లే" అన్న మాట కూడా రాతలో వచ్చేదాకా మూడో గడిలోనే ఉండాలి.

యజమానుల జాబితా ఒకసారి కూర్చుని రాసుకుంటే ప్రతి టికెట్‌కూ పనికొస్తుంది. మిషన్ భగీరథ ఇంజినీర్లు, టీ-ఫైబర్, బీఎస్‌ఎన్‌ఎల్, ప్రైవేటు టెలికం కంపెనీలు, దక్షిణ తెలంగాణ డిస్కం, మున్సిపాలిటీ, రోడ్లు భవనాల శాఖ లేదా జాతీయ రహదారుల సంస్థ, పట్టణమైతే సిటీ గ్యాస్ కంపెనీ. సూర్యాపేట వైపు విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లే హెచ్‌పీసీఎల్ పెట్రోలియం పైపు ఉంది. నాగార్జునసాగర్ రోడ్డు మీద కోదండాపూర్ పరిసరాల్లో హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకుపోయే జలమండలి భారీ పైపులున్నాయి. పెట్రోలియం పైపుల భూమి హక్కులు 1962 నాటి కేంద్ర చట్టం కిందికి వస్తాయి. ఆ పట్టీలో మార్కింగ్ మీరు చేసినా, కంపెనీ మనిషి దగ్గర లేనిదే తవ్వకానికి సరేననకండి. ఈ రెండు పట్టీలనూ ముందే ఒక లేయర్‌గా గీసుకోండి, టికెట్ వాటిని తాకగానే ఎర్ర హెచ్చరిక రావాలి.

తవ్వించేవారు 2023 మార్చి 22న మొదలైన కేంద్ర టెలికం శాఖ యాప్ "కాల్ బిఫోర్ యు డిగ్"లో నోటీసు పెట్టారో లేదో కూడా టికెట్‌లో రాయించండి. అందులో తవ్వేవారు స్థలం, తేదీ పెడితే అక్కడ లైన్లున్నట్టు నమోదైన సంస్థలకు సమాచారం వెళుతుంది. నమోదు కాని లైనుకు ఎలాగూ వెళ్లదు కనుక యాప్ నోటీసు ఉందని మీ గాలింపు తగ్గించకండి.

గాలింపు లేయర్ గురించి కాస్త ఆగి చెప్పాలి, చాలా సంస్థలు దీన్ని పెట్టుకోవు. లొకేటర్ పట్టుకుని నిజంగా నడిచిన జాగా ఎంత, ఏ పద్ధతిలో, ఎన్ని మీటర్ల ఎడంతో నడిచారు అన్నది ఇందులో బహుభుజిగా పడుతుంది. ఇది లేకపోతే మ్యాపులో ఖాళీగా ఉన్న చోటుకు రెండు అర్థాలు వస్తాయి: అక్కడ ఏమీ లేదు, లేదా అక్కడికి ఎవరూ పోలేదు. జేసీబీ డ్రైవర్ మొదటి అర్థమే తీసుకుంటాడు. కంప చెట్లుండి, షెడ్డు అడ్డొచ్చి, కంకర కుప్ప పోసి ఉండి వదిలేసిన చోటును గాలింపులోంచి కత్తిరించి, అచ్చులో అడ్డగీతలతో చూపండి.

78 డిగ్రీల గీత

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది కోఆర్డినేట్ సిస్టమ్ దగ్గర. పాలమూరులో అయితే పాతవాళ్లూ తడబడతారు.

భూగోళాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసే యూటీఎం పద్ధతిలో 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఆనుకునే పోతుంది. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ, నల్లగొండ 44లో పడతాయి. మక్తల్, నారాయణపేట, గద్వాల 43లో పడతాయి. ఫోన్ యాప్ తనంతట తాను జోన్ ఎంచుకుంటే, ఉదయం పట్టణంలో తీసిన చుక్క ఒక జోన్‌లో, మధ్యాహ్నం జడ్చర్ల దారిలో తీసినది ఇంకో జోన్‌లో పడుతుంది. గీత దగ్గర తూర్పు అంకె 43లో సుమారు 8,20,000 మీటర్లు, 44లో సుమారు 1,80,000 మీటర్లు. ఒకే ఎక్సెల్‌లో రెండూ కలిస్తే కొన్ని చుక్కలు వందల కిలోమీటర్లు ఎగిరి పడతాయి. అలా ఎగిరి పడితే మేలే, వెంటనే తెలిసిపోతుంది.

కాబట్టి ఆఫీసు మొత్తానికి ఒకే జోన్ కట్టుబాటు పెట్టండి: ఈపీఎస్‌జీ 32644, అంటే 44 ఉత్తరం. నారాయణపేట పని వచ్చినా అదే. దీనికి చిన్న మూల్యం ఉంది. జోన్ నడిమి గీత 81 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి దూరం పోయేకొద్దీ మ్యాపు సాగుతుంది. నల్లగొండలో కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల తేడా కూడా రాదు. మహబూబ్‌నగర్‌లో కిలోమీటరుకు 85 సెంటీమీటర్ల వరకు ఎక్కువ చూపిస్తుంది. ఐదు కిలోమీటర్ల కందకం బిల్లు దగ్గర నాలుగు మీటర్లు పైకి వస్తాయి. కొలతను ఎలిప్సాయిడ్ మీద లెక్కించేలా ప్రాజెక్టు సెట్టింగుల్లో డబ్ల్యూజీఎస్ 84 పెడితే ఈ సాగుడు తొలగిపోతుంది. కానీ డీఎక్స్‌ఎఫ్ తీసి ఆటోక్యాడ్‌లో కొలిచే కాంట్రాక్టరుకు సాగిన అంకెలే కనపడతాయి, ఆ మాట డ్రాయింగ్ మీద రాయండి.

ఎత్తుల సంగతీ ఇంతే. ఆర్‌టీకే రిసీవర్ (సెంటీమీటర్ల కచ్చితత్వం ఇచ్చే జీపీఎస్) నేరుగా ఇచ్చే ఎత్తు మన ప్రాంతంలో సముద్రమట్టపు ఎత్తు కన్నా డెబ్బై మీటర్లకు పైగా తక్కువ ఉంటుంది. నేల నుంచి లోతే మీకు కావలసింది అయితే ఆ ఎత్తును పట్టించుకోవద్దు. పైపు మట్టం అడిగే క్లయింటు ఉంటే మాత్రం, ఆయన బెంచ్‌మార్క్ మీద రిసీవర్ పెట్టి తేడా చూడకుండా ఒక్క అంకె కూడా ఇవ్వకండి.

ఆర్‌టీకే లేకుండా ఫోన్ జీపీఎస్‌తోనే పని నడిపే బృందాలు చాలా ఉన్నాయి. ఆకాశం బాగా కనపడే చోట కూడా ఫోన్ మూడు నుంచి ఐదు మీటర్లు తప్పుతుంది. అలాంటప్పుడు ఫోన్ చుక్క ఫలానా ఊరు, ఫలానా రోడ్డు అని చెప్పడానికే. అసలు చిరునామా టేపుదే. కరెంటు స్తంభం, కిలోమీటరు రాయి, కల్వర్టు గోడ మూల, ఇలా కదలని మూడింటి నుంచి కొలిచిన దూరాలకు బిందువు ఫారంలో మూడు గడులు పెట్టండి. రెండు కొలతలు చాలవు. వాటితో చుక్క గీతకు ఇరువైపులా రెండు చోట్ల పడుతుంది, ఏది నిజమో మూడో కొలతే తేలుస్తుంది. స్తంభం నంబరు కూడా రాయాలి, రోడ్డు వెడల్పులో స్తంభాలు జరుగుతుంటాయి.

బిందువు ఫారం

లొకేటర్ బీప్ కొట్టిన ప్రతి చోటా ఒక బిందువు పడాలి. తిన్నగా పోయే లైనులో ఐదు నుంచి పది మీటర్లకు ఒకటి, వంపు దగ్గర మీటరుకు ఒకటి, టీ జాయింటు దగ్గర మూడు కొమ్మల మీదా ఒక్కొక్కటి. ఫారంలో గడులు పదిహేను దాటితే ఎండలో నిలబడ్డవాడు ఏదో ఒకటి నొక్కి పోతాడు. వేళ, బృందం పేరు, జీపీఎస్ తప్పిదం, యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య డీఫాల్ట్‌గా వాటంతటవే నిండేలా పెడితే చేత్తో నింపేవి ఎనిమిదే మిగులుతాయి.

ఎంపికల గడుల్లో కనపడే మాట తెలుగులో, లోపల దాచే కోడు అంకెల్లో ఉంచండి. క్యూజీఐఎస్‌లో వాల్యూ మ్యాప్ అనే విడ్జెట్ చేసేది అదే. కారణం తర్వాత తెలుస్తుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరో షేప్ ఫైలు అడుగుతారు. అందులో గడి పేరుకు పది బైట్లే జాగా. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది, గుణింతపు గుర్తుకు మళ్లీ మూడు. "లోతు" అన్న చిన్న మాటకే పన్నెండు బైట్లు, అదీ పట్టదు.

పద్ధతి గడిలో ఈ ఎంపికలుండాలి: నేరుగా కనెక్షన్ (ట్రాన్స్‌మిటర్ తీగ లైనుకే తగిలించడం), క్లాంప్ (లైను చుట్టూ బిగించేది), ఇండక్షన్ (నేల మీది నుంచే సిగ్నల్ ఎక్కించడం), పాసివ్ పవర్, పాసివ్ రేడియో (లైనులో ముందే ఉన్న సిగ్నల్ పట్టడం), సోండ్ (పైపులోకి దూర్చే చిన్న ట్రాన్స్‌మిటర్), జీపీఆర్, గుంత తీసి చూశాం, రికార్డు మాత్రమే. తర్వాతి ప్రశ్నలు దీన్ని బట్టి మారేలా పెట్టండి.

మొదటి మూడింటికి ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిటర్ చూపిన మిల్లీఆంపులు తప్పనిసరి. ఫ్రీక్వెన్సీ రాయడం కాగితాల సరదా కోసం కాదు. 512 హెర్ట్జ్ చాలా దూరం పోతుంది, పక్క లైన్లకు తక్కువ అంటుకుంటుంది. 33 కిలోహెర్ట్జ్, అంతకు పైవి జాయింట్లను దూకుతాయి, అలాగే పక్క లైన్ల మీదికీ దూకుతాయి. డీఐ (డక్టైల్ ఐరన్) పైపుల రబ్బరు గాస్కెట్లు కరెంటును తెంచుతాయి కనుక వాటిని తక్కువ ఫ్రీక్వెన్సీతో పట్టుకోవడం కష్టం, ఎక్కువది పెట్టక తప్పదు. అంటే 83 కిలోహెర్ట్జ్‌తో పట్టిన డీఐ పైపు పక్కనే కేబుల్ ఉంటే, మీరు పట్టింది కేబులే కావచ్చు. మూడు నెలల తర్వాత వివాదం వచ్చినప్పుడు ఆ గడి ఒక్కటే దీన్ని బయటపెడుతుంది. కరెంటున్న కేబుల్‌కు నేరుగా కనెక్షన్ ఇవ్వకూడదన్నది వేరే చెప్పాలా, అక్కడ క్లాంపే. ఫారంలోనూ లైను రకం "విద్యుత్" అయి, పద్ధతి "నేరుగా" అయితే, సరఫరా ఆపినట్టు లైన్‌మన్ ఇచ్చిన రాత ఫోటో అడగాలి.

ట్రాన్స్‌మిటర్ కరెంటును నేలలోకి దింపే ఎర్త్ మేకు గురించి ఒక గడి అదనంగా పెట్టుకోవడం మంచిది: "నీళ్లు పోశారా?" ఏప్రిల్, మే నెలల్లో చెల్క నేల ఎండి ఇసుకలా అవుతుంది. మేకు దిగినా కరెంటు నేలలోకి దిగదు, మిల్లీఆంపులు పడిపోతాయి. మేకు చుట్టూ బకెట్ నీళ్లు పోసి రెండు నిమిషాలాగితే అంకె పెరగాలి. పెరగకపోతే మేకు చోటు మార్చి, లైనుకు అడ్డంగా ఇంకాస్త దూరంలో దింపండి. ఇండక్షన్ అయితే రిసీవర్ ట్రాన్స్‌మిటర్‌కు పది మీటర్లకు దగ్గరగా ఉన్నంతసేపు వచ్చే సిగ్నల్ గాలిలోంచే రావచ్చు. ఆ పరిధి బిందువును ఫారం ఒప్పుకోకూడదు.

నమ్మకం చూసుకోవడానికి రెండు చిన్న అంకెలు చాలు. ఒకటి, పీక్ (సిగ్నల్ ఎక్కువ) చూపిన చోటుకు, నల్ (సిగ్నల్ తక్కువ) చూపిన చోటుకు మధ్య ఎడం. పదిహేను సెంటీమీటర్లు దాటితే అయస్కాంత క్షేత్రం వంకరపోయిందని, పక్కనే ఇంకో లైనుందని అర్థం. రెండు, లోతు రెండుసార్లు. మొదట నేల మీద పెట్టి, తర్వాత సరిగ్గా యాభై సెంటీమీటర్లు పైకెత్తి. రెండో అంకె మొదటిదానికన్నా యాభై పెరగాలి. తొంభై చూపినది నూట పది అయితే ఆ లోతు చెత్త, రాయకపోవడమే మేలు. ఈ రెండు తేడాలనూ ఫారమే లెక్కకట్టి, హద్దు దాటితే బిందువును పసుపు రంగులోకి మార్చేలా ఎక్స్‌ప్రెషన్ రాయండి. సేవ్ చేయకుండా ఆపే గట్టి షరతు ఇక్కడ వద్దు. ఆపితే కుర్రాళ్లు అంకెలు సరిచేసి రాస్తారు.

లోతు దేనిదో చెప్పే గడి మరిచిపోకండి. లొకేటర్ చూపేది లైను నడిమధ్యకు లోతు, జీపీఆర్ చూపేది పైపు నెత్తికి లోతు. 300 మిల్లీమీటర్ల పైపులో రెండింటికీ పదిహేను సెంటీమీటర్ల తేడా. ఒకే పట్టికలో రెండూ "లోతు" అని పడితే పైపు పైకీ కిందికీ ఊగుతున్నట్టు కనపడుతుంది.

జీపీఆర్ ఎంచుకుంటే వేగం గడి తప్పనిసరి. తరంగం పోయి రావడానికి 20 నానోసెకన్లు పట్టిందనుకోండి. పొడి చెల్కకు పెట్టే నానోసెకనుకు 0.1 మీటరు వేగంతో లోతు మీటరు. అదే నేల తడిసి వేగం 0.075కు పడితే నిజమైన లోతు 75 సెంటీమీటర్లే. పొడి నేల సెట్టింగును అలాగే వాన తర్వాత వాడితే మ్యాపు మీటరు అంటుంది, బకెట్ పన్ను 75 దగ్గరే తగులుతుంది. జీపీఆర్ తెర మీద పైపు చూపే హైపర్బోలా ఆకారానికి వక్రం సరిపెట్టి ఆ రోజుకు ఆ చోట వేగం తేల్చి రాయాలి. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ వైపు తడి నల్లరేగడిలో తరంగం లోతుకు దిగనే దిగదు. అక్కడ జీపీఆర్‌లో ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని కాదు.

దొరకలేదు అన్నదీ నమోదే

ఫైబర్ దగ్గర ఇది ముఖ్యం. మన దగ్గర వేసే ఫైబర్ కేబుళ్లలో చాలా వాటికి లోహపు కవచం ఉండదు, లొకేటర్‌కు అవి లేనట్టే. జీపీఆర్‌కు పనివాళ్లు చెప్పే మోటు లెక్క ఒకటుంది: లోతులో పదో వంతు లావు లేని పైపు కనపడదు. భారత్‌నెట్ కందకం లోతు 1.65 మీటర్లు, హెచ్‌డీపీఈ డక్టు లావు 40 మిల్లీమీటర్లు. ఆ లోతులో కనపడాలంటే పదహారు సెంటీమీటర్ల పైపు కావాలి. కాబట్టి ఆ డక్టు మీ రెండు మిషన్లకూ దొరకదు. జాయింట్ చాంబర్ తెరిపించి, యజమాని అనుమతితో ఖాళీ డక్టులోకి ట్రేస్ రాడ్ దూర్చడం ఒక దారి, చేత్తో గుంత తీయడం ఇంకో దారి.

అందువల్ల లైను లేయర్‌లో "రికార్డులో ఉంది, ఫీల్డ్‌లో దొరకలేదు" అనే హోదా ఉండాలి. దాన్ని ఎంచుకుంటే కారణం గడి తప్పనిసరి: లోహం లేదు, నేల తడి, పక్క లైన్ల గోల, చాంబర్ తెరవలేదు. ఆ లైనును చెరపకండి, మామూలు గీతగానూ చూపకండి. చుక్కల గీతగా, ఎంత దూరం ఇటూ అటూ ఉండొచ్చో తెలియదన్న రాతతో అచ్చుకు పోవాలి.

నమ్మకపు స్థాయిలకు మీ సొంత పేర్లు పెట్టుకునే బదులు నేల కింది లైన్ల సర్వేకు ఉన్న బ్రిటిష్ ప్రమాణం పాస్ 128లోని మెట్లు తీసుకోండి, పెద్ద క్లయింట్లకు చెప్పడం తేలిక. గుంత తీసి చూసింది ఏ. ఒకటికి మించి పద్ధతుల్లో ఒకేచోట దొరికింది బీ1, అక్కడ పక్కకు తప్పిదం 15 సెంటీమీటర్లు లేదా లోతులో 15 శాతం, ఏది ఎక్కువైతే అది. ఒకే పద్ధతిలో దొరికింది బీ2, అక్కడ 25 సెంటీమీటర్లు లేదా లోతులో 40 శాతం. పక్కకు అర మీటరు తేడా రావచ్చు, లోతు తెలియదు అంటే బీ3. ఉందని అనుమానమే, దొరకలేదు అంటే బీ4. కాగితం మీద మాత్రమే ఉన్నది డీ. ఈ మెట్టును కుర్రాడి చేత ఎంపిక చేయించకండి. పద్ధతి, పీక్-నల్ ఎడం, లోతు తేడా గడుల నుంచి క్యూజీఐఎస్ చేతే లెక్కకట్టించండి.

ఇంకొక్క జాగ్రత్త. రెండు బిందువుల మధ్య లోతును సాఫ్ట్‌వేర్‌తో సరాసరి గీయించకండి. మన నేలలో గ్రానైటు గుండు ఎక్కడ పైకి లేస్తుందో తెలియదు. బండ తగిలిన చోట కందకం తీసినవాళ్లు లోతు తగ్గించి, కేబుల్ మీద కాంక్రీటు పోసి లేదా జీఐ పైపు తొడిగి ముందుకు పోయి ఉంటారు. ఇటు చివర 1.6, అటు చివర 1.6 ఉన్నా నడుమ అరవై సెంటీమీటర్లు ఉండొచ్చు. నేల మీద బండ కనపడితే అక్కడ అదనంగా బిందువు తీయాలన్న నియమం ఫారం మీదే రాసి పెట్టండి.

ఫోన్లు, సింకు

అచ్చంపేట దాటి మన్ననూరు వైపు శ్రీశైలం రోడ్డెక్కితే సిగ్నల్ ఆశ వదులుకోవాలి. ముందురోజు సాయంత్రమే టికెట్ చుట్టూ అర కిలోమీటరు బేస్ మ్యాపును ఎంబీటైల్స్ ఫైలుగా ఫోన్‌లోకి దించండి. ఉపగ్రహ చిత్రం కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండటం మామూలే. చిత్రంలో రోడ్డు అంచు చూసి చుక్కను చేత్తో జరిపే అలవాటు మాన్పించండి.

బయటి ఆర్‌టీకే రిసీవర్‌ను బ్లూటూత్‌తో కలిపి, పోల్ ఎత్తు క్యూఫీల్డ్ సెట్టింగులో పెట్టండి. రిసీవర్ యాప్‌లో కూడా అదే ఎత్తు పెడితే రెండుసార్లు తీసేసి నేల రెండు మీటర్లు దిగిపోతుంది, ఒక్కచోటే పెట్టాలి. జీపీఎస్ తప్పిదం ఐదు సెంటీమీటర్లు దాటితే తెర రంగు మారేలా హద్దు ఉంచండి. చెట్ల కింద కచ్చితమైన ఫిక్స్ పోయి ఉజ్జాయింపు ఫ్లోట్‌లో పడ్డప్పుడు అదొక్కటే చెబుతుంది.

క్యూఫీల్డ్‌క్లౌడ్ ఉచిత ఖాతాలో జాగా తక్కువ, ఫోటోలతోనే నిండుతుంది. కెమెరా రిజల్యూషన్ తగ్గించండి. ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని జీపీఎస్ వివరం ఊడిపోతుంది, తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపాలి.

క్లౌడ్ వాడకుండా కేబుల్‌తో ఫైలు ఎక్కించుకునేవారికి ఒక గోతి ఉంది. జియోప్యాకేజ్ తెరిచి ఉన్నంతసేపు కొత్త బిందువులు దాని పక్కనే వాల్ అనే తోక ఫైలులో ఉంటాయి. ప్రాజెక్టు మూయకుండా అసలు ఫైలొక్కటే కాపీ చేస్తే రోజంతా తీసినవాటిలో చివరివి రావు, ఎర్రర్ కూడా రాదు. ప్రాజెక్టు మూసి, తోక ఫైళ్లు మాయమయ్యాకే కాపీ చేయండి. కాపీ అయ్యాక బిందువుల సంఖ్య ఫోన్‌లో ఎంత, కంప్యూటర్‌లో ఎంత అని సరిచూడటం అర నిమిషం పని.

రెండు బృందాలు ఒకే రోజు పనిచేస్తే రెండు ఫోన్లూ వరుస సంఖ్య 101నే ఇస్తాయి. కలిపేటప్పుడు ఒకటి ఇంకోదాన్ని తొక్కేస్తుంది. యూయూఐడీ పెట్టమన్నది ఇందుకే. పట్టికల మధ్య సంబంధాలన్నీ దానిమీదే కట్టాలి. బిందువును దిద్దడం కూడా ఫీల్డ్‌లో వద్దు. తప్పయితే "రద్దు" అని గుర్తు పెట్టి కొత్తది తీయాలి.

సాయంత్రం సరిచూపు, ఇచ్చే కాగితం

ఆఫీసులో ప్రతి లైనుకు దాని మెట్టు ప్రకారం బఫర్, అంటే ఇరువైపులా జాగ్రత్త పట్టీ, గీయించండి. 1.65 మీటర్ల లోతులో బీ1 లైనుకు 15 శాతం అంటే 25 సెంటీమీటర్లు, దానికి జీపీఎస్ తప్పిదం మూడు, పైపు సగం వెడల్పు కలపాలి. 300 మిల్లీమీటర్ల పైపైతే మొత్తం 43 సెంటీమీటర్లు ఇటూ అటూ. ఈ బఫర్ టికెట్ బహుభుజిని తాకితే అక్కడ జేసీబీ వద్దు, గడ్డపార మాత్రమే. తర్వాత టికెట్ జాగాలోంచి గాలింపు జాగాను తీసేసి చూడండి. మిగిలిన ముక్క సున్నా కాకపోతే టికెట్ "పూర్తి" హోదాకు పోకూడదు.

నేల మీది గుర్తులకూ సాఫ్ట్‌వేర్‌లో గడి ఉండాలి. బీటీ, సీసీ రోడ్డు మీద స్ప్రే పెయింట్ నిలుస్తుంది. మట్టి అంచు మీద ముగ్గు ఒక్క వానకు పోతుంది, పైగా జేసీబీ మొదట గీకేది ఆ పైపొరనే. అందుకే కందకానికి రెండు మీటర్ల బయట గూటం పాతి, దానిమీద లైను ఎంత దూరంలో ఉందో రాయాలి. ఆ ఆఫ్‌సెట్ బిందువుకు జతపడాలి. రంగులకు అమెరికా ఏపీడబ్ల్యూఏ కోడ్ తీసుకుంటే గొడవ లేదు: కరెంటు ఎరుపు, టెలికం నారింజ, తాగునీరు నీలం, మురుగు ఆకుపచ్చ, గ్యాస్, పెట్రోలియం పసుపు, తవ్వే హద్దు తెలుపు. మ్యాపులోనూ అవే రంగులు.

మార్కింగ్‌కు గడువు పెట్టండి. పదిహేను రోజులు ఎండాకాలంలో సరే, జూన్ నుంచి ఏడు రోజులు. వాన పడిన రోజు ఆ మండలంలో తెరిచి ఉన్న టికెట్లన్నీ "మళ్లీ చూడాలి" హోదాకు ఒక్క ఫిల్టర్‌తో మార్చుకోవచ్చు.

కాంట్రాక్టరుకు ఏ3 పీడీఎఫ్, అడిగితే డీఎక్స్‌ఎఫ్. డీఎక్స్‌ఎఫ్ తీసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగు రాతలు ప్రశ్నార్థకాలవుతాయి. పాత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు ఎలాగూ రాదు, అవతలివారి కంప్యూటర్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు ఉండాలి. కేఎంఎల్ మాత్రం ఇవ్వకపోవడమే నయం. ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, ఆ గీతకు ఆ చెట్టు ఎంత దూరమో చూసి బకెట్ దింపుతారు. మెట్టు, తప్పిదం ఏవీ అందులో వాళ్ల కంట పడవు.

తవ్వే రోజు ఒక మనిషి అక్కడుంటే ఈ మొత్తం వ్యవస్థకు వచ్చే లాభం మరెందులోనూ రాదు. లైను బయటపడగానే నేల మట్టానికి అడ్డంగా కర్ర పెట్టి, అక్కడి నుంచి పైపు నెత్తికి టేపుతో లోతు, పైపు లావు కొలిచి అదే బిందువుకు జతగా ఏ మెట్టు బిందువు ఎక్కించాలి. టేపు అంకెలు, పైపు ఒకే ఫోటోలో కనపడాలి. లొకేటర్ చెప్పిన లోతుకూ దీనికీ తేడాను పద్ధతి, నేల రకం వారీగా నెలకోసారి పట్టిక తీయండి. చెల్కలో ఇండక్షన్ ఎంత తప్పుతోంది, రేగడిలో జీపీఆర్ ఎంత తప్పుతోంది అన్నది మీ మిషన్ల అంకెలతోనే తెలిసిపోతుంది, బఫర్లను వాటి ప్రకారం పెంచుకోవచ్చు. కొలిచేదాకా మట్టి పూడ్చవద్దని కాంట్రాక్టరుతో ముందే మాట తీసుకోండి.